టీకా కార్డు దగ్గర పెట్టుకుని చదవండి: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో సగానికి పైగా టీకాల గురించి, అంటువ్యాధుల గురించి అడిగినవే. తట్టు, రుబెల్లా జబ్బులను దేశం నుంచి తొలగించడానికి పెట్టుకున్న గడువు 2026 కావడం, అమెరికాలో మళ్లీ తట్టు ప్రబలిందన్న వార్తలు, డెంగీకి మన దేశంలోనే టీకా తయారవుతోందన్న ఆశ ఇందుకు కారణాలని అనుకుంటున్నాను. చాలాకాలం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ, ఆ తరువాత జిల్లా టీకాల విభాగంలోనూ పనిచేసిన వైద్యుడిగా నాకు తెలిసినంత మేరకు సమాధానాలు రాస్తున్నాను. అడిగినవారు కోరినందున పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా మనవడికి ఆరేళ్లు. మొన్న ఆదివారం వీధిలో తిరిగే కుక్కపిల్ల పిక్క మీద కొరికింది. రెండు పళ్లు దిగి కొంచెం రక్తం వచ్చింది. పక్కింటివారు పసుపు, సున్నం కలిపి పట్టు వేశారు. దగ్గర్లోని ఆర్‌ఎంపీ టీటీ సూది వేశారు. అది చిన్న పిల్ల, దానికి పిచ్చి ఉండదని అందరూ అంటున్నారు. పైగా బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులంటే పిల్లవాడు తట్టుకోలేడని భయంగా ఉంది.
ఒక తాతగారు, తెనాలి

జవాబు: ఈ ఉత్తరం చేరిన రోజే వారికి ఫోన్ చేసి, ఆ గంటలోనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లమని చెప్పాం, వారు వెళ్లారు. ఇలాంటి ఇంటివారు ఇంకా చాలామంది ఉంటారు కాబట్టి దీన్నే ముందుగా ప్రచురిస్తున్నాను.

టీటీ సూది ధనుర్వాతానికి మాత్రమే పనిచేస్తుంది, రేబీస్‌కు దానితో ఏ సంబంధమూ లేదు. కుక్క కరిచిన పిల్లలకు టీటీ ఒక్కటే వేయించి, సూది వేయించాం కదా అని నిశ్చింతగా ఉండిపోయిన తల్లిదండ్రులను నేను చాలామందిని చూశాను. అలాగే కుక్కపిల్ల చిన్నదైనంత మాత్రాన దానికి రేబీస్ ఉండదనుకోవడం పొరపాటు, తల్లి నుంచో తోటి కుక్క నుంచో దానికీ సోకుతుంది. రక్తం కనిపించిన ప్రతి కాటునూ మూడో తరగతి, అంటే అన్నిటికన్నా తీవ్రమైన గాయంగానే లెక్కిస్తారు. కాబట్టి టీకాతో పాటు గాయం లోపల, చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను అక్కడికక్కడే అడ్డుకునే మందు) కూడా ఎక్కించాలి. మొదటిరోజు అది దొరకకపోతే, టీకా మొదలుపెట్టిన 7 రోజుల లోపు ఎక్కించుకోవచ్చు గాని టీకాను మాత్రం ఒక్క పూట కూడా ఆపకూడదు.

బొడ్డు చుట్టూ వేసే ఆ పాత మందు, గొర్రెల మెదడు కణజాలంతో చేసింది, మన దేశంలో 2004 చివరికే ఆగిపోయింది. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రుల్లో చేతి చర్మంలోకి చిన్న సూదితో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. కండరానికి వేసే పద్ధతిలోనైతే 0, 3, 7, 14, 28 రోజుల్లో అయిదు సూదులు. కరిచిన వెంటనే చేయవలసిన మొదటి పని కుళాయి కింద ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు గాయాన్ని కడగడం. సున్నం, కారం, కాఫీ పొడి వంటివి గాయాన్ని మండించి పాడుచేస్తాయి గాని వైరస్‌ను చంపవు. కరిచిన కుక్క కళ్లముందే ఉండి 10 రోజుల తరువాత కూడా ఆరోగ్యంగా తిరుగుతుంటే, అప్పుడు మిగిలిన సూదులు అవసరమా లేదా అన్నది డాక్టరు చెబుతారు. కుక్కను గమనించడం టీకా మొదలుపెట్టాక చేసే పని. కుక్క ఏమవుతుందో చూసి టీకా మొదలుపెడదామనుకోవద్దు. లక్షణాలు బయటపడిన తరువాత రేబీస్‌కు మందు లేదు.

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదో నెల నిండినప్పుడు జలుబు, కొద్దిగా జ్వరం ఉండడంతో తట్టు సూది వేయకుండా పంపించారు. మరుసటి వారం వెళితే పిల్లలు తక్కువ వచ్చారు, సీసా తెరిస్తే మిగిలిన మందు పారబోయాలి, వచ్చే వారం రమ్మన్నారు. ఆ తరువాత మిరప కోతల్లో పడి వెళ్లలేకపోయాం. ఇప్పుడు పద్నాలుగో నెల. తట్టు అమ్మవారే కదా, ఒకసారి పోసి పోతే మంచిదే అని మా అత్తగారు అంటున్నారు. ఇంకా వేయించవచ్చా? 2026 లోపు తట్టు లేకుండా చేస్తామని అంగన్‌వాడీ గోడమీద రాశారు. అదేమిటి?
ఒక తల్లి, వినుకొండ దగ్గర

జవాబు: తప్పకుండా వేయించవచ్చమ్మా. వచ్చే బుధవారమో శనివారమో టీకాలు వేసే రోజున తల్లీబిడ్డల కార్డు పట్టుకుని వెళ్లి మొదటి డోసు వేయించండి. రెండో డోసు 16 నుంచి 24 నెలల మధ్య, మొదటిదానికి కనీసం నెల రోజుల ఎడంతో వేయించండి. ఏ కారణం వల్లనైనా ఆలస్యమైన పిల్లలకు అయిదేళ్లు నిండేదాకా ఈ టీకా ఇస్తారు. ఆలస్యమైందని ఎవరైనా కోప్పడతారేమోనని వెనుకాడవద్దు.

మిమ్మల్ని రెండుసార్లు వెనక్కి పంపడం సరికాదు, అది మీ తప్పు కాదు. జలుబు, కొద్దిపాటి జ్వరం, కొద్దిగా విరేచనాలు ఉన్నా తట్టు టీకా వేయవచ్చు. సీసా విషయంలో మాత్రం ఆ ఏఎన్‌ఎం ఎందుకు తటపటాయించారో నాకు అర్థమవుతుంది. ఈ మందు సీసా అడుగున తెల్లని పొడిలా అంటుకుని ఉంటుంది, దానిలో వేరే సీసాలోని ద్రావకం కలిపిన తరువాత 4 గంటలు మాత్రమే వాడాలి. అందుకే కలిపిన సమయాన్ని సీసా చీటీ మీద పెన్నుతో రాసి ఐస్ ప్యాక్ మీద పెడతారు. నిల్వ ఉంచే రసాయనం దానిలో ఉండదు కాబట్టి గడువు దాటిన మందులో సూక్ష్మక్రిములు పెరిగి పసిబిడ్డల ప్రాణాలకే ముప్పు రావచ్చు. ఈ జాగ్రత్త ఎంత అవసరమో, వచ్చింది ఒక్క బిడ్డ అయినా సీసా తెరవాలన్న నియమం కూడా అంతే అవసరం. పారబోసే మందు విలువకన్నా, వెనక్కి వెళ్లి మళ్లీ రాని బిడ్డ విలువ ఎక్కువ. ఈసారి కూడా వెనక్కి పంపితే ఆ మాట ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుగారికి చెప్పండి.

ఇక మీ అత్తగారి మాట. ఆమె మీద కోపం తెచ్చుకోవద్దు. అమ్మవారు పోసిన బిడ్డను వేరే గదిలో ఉంచడం, గుమ్మానికి వేపమండలు కట్టి బయటివారిని రానివ్వకపోవడం మన పెద్దలు అనుభవంతో నేర్చుకున్న మంచి పద్ధతి. తట్టు రోగి దగ్గి వెళ్లిపోయిన తరువాత కూడా ఆ గదిలోని గాలిలో వైరస్ 2 గంటల వరకు బతికి ఉంటుంది. రక్షణ లేనివారు 10 మంది ఆ రోగికి దగ్గరగా మెలిగితే 9 మందికి సోకుతుంది. కానీ పథ్యం పేరుతో తిండి, నీళ్లు తగ్గించడం, అమ్మవారికి కోపం వస్తుందని ఆసుపత్రికి తీసుకువెళ్లకపోవడం మాత్రం ప్రాణం మీదికి తెస్తాయి. న్యుమోనియా, విరేచనాలు, కంటిచూపు పోవడం, అరుదుగా మెదడువాపు, ఇవన్నీ తట్టు వెంట వచ్చేవే. తట్టు వచ్చిన బిడ్డకు వరుసగా రెండు రోజులు విటమిన్ ఎ ఇవ్వడం చికిత్సలో ముఖ్యమైన భాగం.

ఒకసారి పోసి పోతే మంచిదన్న మాట ఎందుకు నిజం కాదో కూడా ఆమెకు చెప్పండి. తట్టు వైరస్, అంతకుముందు వచ్చిన ఇతర జబ్బులను శరీరం గుర్తుపెట్టుకున్న జ్ఞాపకాన్ని తుడిచివేస్తుంది. టీకా వేయించుకోని పిల్లల రక్తాన్ని తట్టుకు ముందు, తరువాత పరీక్షించిన పరిశోధకులు, వారిలోని యాంటీబాడీల (జబ్బులను ఎదుర్కొనే రక్షణ కణికల) వైవిధ్యంలో 11 నుంచి 73 శాతం దాకా చెరిగిపోయినట్టు 2019లో ప్రకటించారు. తట్టు తగ్గిన తరువాత ఏడాది, రెండేళ్లపాటు పిల్లవాడు ఏదో ఒక జబ్బుతో నలిగిపోతున్నాడని ఊళ్లలో తల్లులు చెప్పుకునే మాటకు శాస్త్రం ఇచ్చిన వివరణ ఇది.

గోడమీద రాసిన 2026 సంగతి: తట్టు, రుబెల్లా నిర్మూలనకు దేశవ్యాప్త ప్రచార కార్యక్రమాన్ని కేంద్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్ 24న, ప్రపంచ టీకాల వారోత్సవం మొదటిరోజున ప్రారంభించింది. 2024–25లో మొదటి డోసు 93.7 శాతం, రెండో డోసు 92.2 శాతం పిల్లలకు అందిందని అప్పుడు ప్రకటించారు. చూడడానికి ఇవి మంచి అంకెలే గాని తట్టు వ్యాప్తి ఆగాలంటే రెండు డోసులూ కనీసం 95 శాతానికి అందాలి. ఆ మిగిలిన కొద్ది శాతం దేశమంతటా సమానంగా చెదిరి ఉండదు. వలస కూలీల గుడారాల్లో, ఇటుక బట్టీల దగ్గర, మీలా కోతల కాలంలో టీకా రోజు దాటిపోయిన ఇళ్లలో గుంపుగా ఉంటుంది, జబ్బు అక్కడే పుడుతుంది. ఇకనుంచి జ్వరంతో ఒంటిమీద దద్దుర్లు వచ్చిన ఏ బిడ్డ కనిపించినా ఆశా కార్యకర్తకు చెప్పండి. రక్తం, గొంతు నమూనా తీసి పరీక్షకు పంపుతారు, డబ్బు అడగరు. రుబెల్లా పిల్లల్లో తేలికగానే పోతుంది గాని గర్భిణికి సోకితే పుట్టబోయే బిడ్డకు గుండెజబ్బు, శుక్లాలు, చెవుడు రావచ్చు, అందుకే రెంటికీ కలిపి ఒకే సూది.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు డాలస్‌లో ఉంటారు. పాప ఇక్కడే పుట్టి, పదో నెలలో తట్టు టీకా వేయించుకుని వెళ్లింది. ఇప్పుడు అక్కడి బడివారు ఆ డోసు లెక్కలోకి రాదంటున్నారట. మన టీకాలకు విలువ లేదా?
ఒక అమ్మమ్మ, హనుమకొండ

జవాబు: విలువలో లోటేమీ లేదు. రెండు దేశాల లెక్క వేరు. మన దగ్గర పసితనంలోనే తట్టు సోకే ప్రమాదం ఎక్కువ కాబట్టి 9 నెలలు నిండగానే వేస్తాం. తల్లి నుంచి వచ్చిన రక్షణ అప్పటికి పూర్తిగా తగ్గని బిడ్డల్లో టీకా కొంత తక్కువగా పట్టుతుంది, ఆ లోటును రెండో డోసు పూడుస్తుంది. అమెరికాలో మొదటి పుట్టినరోజు తరువాత వేసినవాటినే బడి కోసం లెక్కిస్తారు. పైగా మన ప్రభుత్వ టీకాలో తట్టు, రుబెల్లా మాత్రమే ఉంటాయి, అక్కడ గవదబిళ్లల టీకా కూడా కలిసిన ఎమ్‌ఎమ్‌ఆర్ అడుగుతారు. కాబట్టి అక్కడ ఏడాది దాటాక రెండు డోసులు వేయిస్తారు, ఇంతకుముందు వేసినదానివల్ల హానీ లేదు, అది వృథా కూడా కాదు.

టెక్సస్ రాష్ట్రంలో 2025 జనవరిలో మొదలైన వ్యాప్తి ఆగస్టులో ముగిసేనాటికి 762 మందికి సోకింది, టీకా వేయించని ఇద్దరు పిల్లలు మరణించారు. ఆ ఏడాది అమెరికా మొత్తం మీద తట్టు కేసులు 2,000 దాటాయి. కెనడా అయితే తట్టు లేని దేశమన్న గుర్తింపునే 2025 నవంబరులో కోల్పోయింది. సెలవులకు పసిబిడ్డలతో అటూ ఇటూ తిరిగే మన కుటుంబాలు చేయవలసింది ఒకటుంది. 6 నుంచి 11 నెలల బిడ్డకు విమానం ఎక్కేముందు ఒక ముందస్తు డోసు వేయించమని అమెరికా వైద్యులు చెబుతారు, ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు అయితే మేలు. మన కార్డులో నెల, తేదీ కలిసిపోయి వారికి అర్థం కానట్టు ఉంటే, ఆసుపత్రివారి చేత ఆంగ్లంలో నెల పేరు అక్షరాలలో రాయించుకుని సంతకం, ముద్ర వేయించుకుని పంపండి.

ప్రశ్న: 2009లో నేను భద్రాచలం దగ్గర హాస్టల్లో ఏడో తరగతి చదువుతున్నప్పుడు గర్భసంచి క్యాన్సర్ రాకుండా అని మా అందరికీ సూదులు వేశారు. మా అమ్మానాన్నలకు చెప్పనే లేదు. తరువాత కొందరు ఆడపిల్లలు చనిపోయారని పెద్ద గొడవయింది. ఇప్పుడు మా అక్క కూతురికి 13 ఏళ్లు. అదే టీకా వేయించమంటున్నారు. అక్క ససేమిరా అంటోంది. నన్ను అడుగుతోంది. ఏం చెప్పాలి? నాకు ఎన్ని సూదులు వేశారో కూడా గుర్తులేదు.
ఒక సోదరి, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా

జవాబు: మీ ఉత్తరాన్ని చాలాసార్లు చదివాను. మీ అక్కయ్య భయానికి కారణం ఉంది. ఆ కారణాన్ని దాటవేసి టీకా మంచిది, వేయించండి అని రెండు ముక్కల్లో చెప్పడం న్యాయం కాదు. కాబట్టి వివరంగా రాస్తాను.

అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేలమందికి ఈ హెచ్‌పీవీ (ఆ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్ పేరు) టీకాను 2009 జూలై నుంచి వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన కార్యక్రమం అది. గుజరాత్‌లోని వడోదర జిల్లాలోనూ ఇలాంటిదే జరిగింది. రెండుచోట్లా కలిపి ఏడుగురు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపివేసింది. విచారణ సంఘం ఒక్కొక్క మరణాన్నీ పరిశీలించింది. క్వారీ నీటిలో మునిగిపోవడం, పాముకాటు, పురుగుమందు తాగడం, మలేరియా వంటివి కారణాలుగా తేలాయి. టీకాకు ఆ మరణాలతో సంబంధం ఉన్నట్టు కనబడలేదని వారు రాశారు.

అయితే ఆ విచారణలోనే మరొకటి కూడా బయటపడింది, మీ మనసులో ఇంతకాలం గుచ్చుకుంటున్నది అదే. తల్లిదండ్రుల అనుమతి పత్రాల మీద చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. కోయ పల్లెల నుంచి వచ్చి హాస్టళ్లలో చదువుకునే పిల్లల ఇళ్లకు ఎవరూ వెళ్లి చెప్పలేదు. టీకా తరువాత ఏమైనా జరిగితే నమోదు చేసే ఏర్పాటు కూడా సరిగా లేదు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. నా అభిప్రాయం కూడా అదే. మంచి మందును సైతం చెప్పకుండా వేస్తే, వేసినవారు ఆ మందు మీదే అనుమానం నాటినట్టు అవుతుంది. ఆ అనుమానం మీ ఇంట్లో పదిహేనేళ్లు దాటినా చెక్కుచెదరలేదు చూడండి.

ఇప్పుడు చాలామందికి తెలియని సంగతి ఒకటి చెబుతాను. అదే 2009లో హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రితో సహా దేశంలో 9 చోట్ల వేరొక అధ్యయనం మొదలైంది. రెండు డోసులు చాలా, మూడు కావాలా అని తేల్చడం దాని ఉద్దేశం. ఖమ్మం గొడవతో 2010 ఏప్రిల్‌లో దేశమంతటా ఈ టీకా పరీక్షలు ఆగిపోయినప్పుడు, ఆ అధ్యయనంలోని దాదాపు 5 వేలమంది ఆడపిల్లలకు అప్పటికి ఒకే డోసు పడింది. రెండోది వేయడానికి వీలులేకపోయింది. పరిశోధకులు వారిని వదిలేయకుండా, వారు పెరిగి పెద్దయి పెళ్లిళ్లయ్యేదాకా ఏటేటా గమనిస్తూ వచ్చారు. పదేళ్ల తరువాత చూస్తే, క్యాన్సర్‌కు దారితీసే 16, 18 రకాల వైరస్ శరీరంలో పాతుకుపోకుండా ఒక్క డోసు 95.4 శాతం కాపాడింది. రెండు డోసులవారిలో అది 93.1, మూడు డోసులవారిలో 93.3 శాతం, అంటే తేడా లేదనే అర్థం. 2021లో వెలువడిన ఈ ఫలితాలు, ఆఫ్రికాలో జరిగిన పరీక్షలతో పాటు ఆధారంగా నిలిచి, 9 నుంచి 20 ఏళ్ల ఆడపిల్లలకు ఒక్క డోసు కూడా చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబరులో ప్రకటించింది. మన ఆడపిల్లల శరీరాలే ఈ రుజువు ఇచ్చాయి. అది తలచుకున్నప్పుడల్లా నాకు గౌరవం, బాధ రెండూ కలుగుతాయి.

మీ అక్కయ్యకు చెప్పవలసింది ఇది: మన దేశంలో ఏటా సుమారు 1.27 లక్షల మంది స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తోంది, దాదాపు 80 వేలమంది మరణిస్తున్నారు. ఆ క్యాన్సర్లలో 70 శాతానికి పైగా ఆ రెండు రకాల వైరస్ వల్ల వచ్చేవే. సిక్కింలో 2018లో 9 నుంచి 13 ఏళ్ల ఆడపిల్లలకు రాష్ట్రమంతటా ఈ టీకా వేశారు. అక్కడ ముందుగా బడులకు వెళ్లి తల్లిదండ్రులకు చెప్పారు, వైద్యులు, ఉపాధ్యాయులు వారి ప్రశ్నలకు జవాబులిచ్చారు, దాదాపు 97 శాతం మందికి అందింది. పిల్లలు పుట్టరన్న పుకారుకు ఆధారం లేదు. సూది వేసిన చోట నొప్పి, కొద్దిగా జ్వరం సహజం. ఆ వయసు పిల్లల్లో కొందరు సూదికి భయపడి కళ్లు తిరిగి పడతారు కాబట్టి కూర్చోబెట్టి వేయాలి, తరువాత పావుగంటైనా కూర్చోబెట్టాలి. మీ మేనకోడలికి వేయించే ముందు సీసా మీది పేరు, బ్యాచ్ సంఖ్య చూపించమని అడగండి, కార్డులో రాయించుకోండి, పాపకు కూడా అది ఎందుకో చెప్పండి. సంతకం మీ అక్కయ్యే చేయాలి. మీ విషయానికొస్తే, అప్పుడు ఒక్క సూది పడినా రక్షణ ఉన్నట్టే, అయినా 30 ఏళ్లు నిండాక ప్రభుత్వాసుపత్రిలో గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకోవడం మానవద్దు.

ప్రశ్న: పోలియో పోయిందని 2014లోనే ప్రకటించారు. ఇంకా చుక్కలు ఎందుకు? జర్మనీలో మురుగునీటిలో పోలియో దొరికిందని చదివాను, మురుగునీటిలో వెతకడమేమిటి?
విశ్రాంత ఉపాధ్యాయుడు, హైదరాబాద్

జవాబు: మాస్టారూ, మీ నగరంలోనే ఇది జరిగింది. 2016 జూన్‌లో హైదరాబాద్ మురుగునీటి నమూనాలో చుక్కల టీకాలోని బలహీనపరచిన వైరస్ నుంచి మార్పు చెందిన రెండో రకం పోలియో వైరస్ కనిపించింది. ఏ బిడ్డకూ పక్షవాతం రాకముందే, హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లోని ఎంచిన ప్రాంతాల్లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు ప్రత్యేకంగా పోలియో సూదులు వేశారు. పోలియో సోకిన 200 మందిలో సుమారు ఒక్కరికే కాళ్లు చచ్చుబడతాయి, మిగిలినవారు ఏమీ తెలియకుండానే మలంలో వైరస్‌ను విడుస్తారు. కాబట్టి పక్షవాతం వచ్చిన బిడ్డ కోసం ఎదురుచూస్తే అప్పటికి ఆలస్యమవుతుంది. మురుగునీటి పంపు దగ్గర తెల్లవారుజామున ఒక మనిషి తాడు కట్టిన బకెట్‌ను దించి, లీటరు నీళ్లు సీసాలోకి పట్టి, మూత బిగించి, ఐస్ పెట్టెలో పెట్టి ప్రయోగశాలకు పంపుతాడు. ఆ దుర్గంధంలో అతను చేసే పని వల్ల లక్షల పిల్లల కాళ్లు నిలుస్తాయి. కోవిడ్ సమయంలో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నగరంలో వ్యాధి ఎంత వ్యాపించిందో అంచనా వేసింది కూడా మురుగునీటి నుంచే.

మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో నమోదైంది. ఆ వైరస్ ఇప్పటికీ పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో తిరుగుతూనే ఉంది. హాంబర్గ్ మురుగునీటిలో 2025 అక్టోబరులో తీసిన నమూనాలో దొరికింది అదే రకం. విమానంలో ఒక్క పూటలో దాటే దూరాలివి. అందుకే చుక్కలతో పాటు 6 వారాలు, 14 వారాలు, 9 నెలలకు చేతి చర్మంలోకి వేసే చిన్న పోలియో సూదులు కూడా తప్పనిసరి.

ప్రశ్న: డెంగీ టీకా ఎప్పుడు వస్తుంది? వస్తే పిల్లలకు వెంటనే వేయించవచ్చా?
ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: వస్తోంది గాని తొందర పడకూడని టీకా ఇది. డెంగీ వైరస్‌లు నాలుగు రకాలు. ఒక రకం వచ్చి తగ్గిన మనిషికి మరో రకం సోకినప్పుడు జబ్బు కొన్నిసార్లు ముందుకన్నా తీవ్రంగా ఉంటుంది. మొదట వచ్చిన టీకాను ఫిలిప్పీన్స్‌లో 8 లక్షలకు పైగా పిల్లలకు వేసిన తరువాత, అంతకుముందు డెంగీ ఎన్నడూ రాని పిల్లల్లో అది మొదటి జబ్బులా పనిచేసి, నిజమైన డెంగీ వచ్చినప్పుడు ముప్పు పెంచవచ్చని 2017 చివరలో తయారీదారులే ప్రకటించవలసి వచ్చింది. ఆ దేశంలో టీకాలన్నిటి మీదా నమ్మకం దెబ్బతింది. అందుకే ఇప్పుడు నాలుగు రకాల మీదా, ఇదివరకు సోకినవారిలోనూ సోకనివారిలోనూ ఏళ్ల తరబడి గమనించి గాని ముందుకు వెళ్లడం లేదు.

మన దేశంలో డెంగీఆల్ అనే ఒక్క డోసు టీకా మూడో దశ పరీక్ష 2024 ఆగస్టు 14న రోహ్‌తక్‌లో మొదలైంది. 19 కేంద్రాల్లో 10,335 మంది పెద్దలతో చేసే ఈ పరీక్షలో ఒక్కొక్కరినీ రెండేళ్లు గమనిస్తారు. అంటే ఫలితాలు పూర్తిగా వెలువడేదాకా ఓపిక పట్టాలి, అవి కూడా ముందుగా పెద్దల గురించే చెబుతాయి. జపాన్ సంస్థ టకెడా రూపొందించిన రెండు డోసుల టీకాను ఏటా 5 కోట్ల డోసుల దాకా తయారు చేయడానికి హైదరాబాద్‌లోని బయొలాజికల్ ఇ సంస్థ 2024 ఫిబ్రవరిలో ఒప్పందం చేసుకుంది. ఏ డెంగీ టీకా వచ్చినా డాక్టరును ఒక్క ప్రశ్న అడగండి: ఇదివరకు డెంగీ రానివారిలో నాలుగు రకాల మీదా ఇది ఎంత సురక్షితమని తేలింది? అప్పటిదాకా శుక్రవారం డ్రైడే (నీళ్లు నిల్వ ఉన్నవాటిని ఖాళీ చేసి ఆరబెట్టే రోజు) పాటించడం, ఎయిర్ కూలర్ నీళ్లు, పూలకుండీ పళ్లాలు ఆరబెట్టడం, జ్వరానికి పారాసిటమాల్ తప్ప డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు వేసుకోకపోవడం, ఇవే మన చేతిలో ఉన్నవి. జ్వరం తగ్గిన రోజే కడుపునొప్పి, ఆగని వాంతులు, చేతులు కాళ్లు చల్లబడడం కనిపిస్తే రాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: మలేరియా దోమ రహస్యం సికింద్రాబాద్‌లోనే తేలింది, మలేరియా టీకా కూడా హైదరాబాద్ కంపెనీ చేస్తుందట. మరి మన ఏజెన్సీ పిల్లలకు ఎందుకు వేయరు?
ఒక పాఠకుడు, పాడేరు

జవాబు: రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది సికింద్రాబాద్‌లోనే, అందుకే ఆ రోజు ప్రపంచ దోమల దినం. ఇప్పుడున్న రెండు టీకాలు ఫాల్సిపారం అనే ఒక్క రకం మీదే పనిచేస్తాయి. ఆఫ్రికాలో ఏటా లక్షలాది పసిపిల్లలను బలిగొంటున్నది ఆ రకమే. మన దగ్గర వైవాక్స్ అనే మరో రకం కూడా ఎక్కువ, దానికి ఇంకా టీకా లేదు. పైగా మన మలేరియా మొత్తం మీద చాలా తగ్గింది. మీ ప్రాంతంలో మందు పూసిన దోమతెరలు, జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష, వైవాక్స్‌కు 14 రోజుల మాత్రలు మధ్యలో మానకపోవడం వల్ల ఎక్కువ ప్రయోజనం ఉంది. జ్వరం తగ్గిందని నాలుగో రోజే మాత్రలు పక్కన పడేసిన ఇంట్లో, నెల తిరగకుండా అదే మనిషికి మళ్లీ చలిజ్వరం రావడం నేను ఎన్నోసార్లు చూశాను.

ప్రశ్న: టీకాలకు, అంటువ్యాధులకు సంబంధించి రాబోయే ముఖ్యమైన తేదీలు చెబుతారా? మా అంగన్‌వాడీలో పెద్ద కాగితం మీద రాసి పెడతాను.
ఒక అంగన్‌వాడీ టీచరు, మహబూబ్‌నగర్

జవాబు: సంతోషం టీచరుగారూ. మార్చి 16 మన జాతీయ టీకాల దినం, మార్చి 24 క్షయ దినం. ఏప్రిల్ చివరి వారం ప్రపంచ టీకాల వారోత్సవం, దానిలోనే 25న మలేరియా దినం. సెప్టెంబరు 28 రేబీస్ దినం, లూయీ పాశ్చర్ మరణించిన తేదీ, కుక్కల వల్ల వచ్చే రేబీస్ మరణాలను 2030 నాటికి సున్నాకు తేవాలన్నది మన దేశ లక్ష్యం. అక్టోబరు 24 పోలియో దినం, నవంబరు 17 గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నిర్మూలన దినం.

ఇవి కాక ప్రపంచ స్థాయిలో రెండు సందర్భాలను నేను ఏటా గమనిస్తాను. ఏటా ఫిబ్రవరిలో, సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు కూర్చుని రాబోయే కాలానికి ఫ్లూ టీకాలో ఏ రకాలు ఉండాలో నిర్ణయిస్తారు. బి యమగాటా అనే రకం 2020 మార్చి తరువాత ఎక్కడా నిర్ధారణ కాకపోవడంతో దాన్ని తీసివేయమన్నారు. అందువల్లనే నాలుగు రకాల టీకా బదులు మూడు రకాలది వస్తోంది, నాణ్యత తగ్గిందేమోనని మీ ఊరి పెద్దలు అనుమానించనక్కరలేదు. రెండోది మే నెలలో జెనీవాలో జరిగే ప్రపంచ ఆరోగ్య మహాసభ. మహమ్మారుల ఒప్పందాన్ని 2025 మే 20న అక్కడే ఆమోదించారు. మహమ్మారి వచ్చినప్పుడు తయారయ్యే టీకాల్లో 20 శాతాన్ని, అందులో సగం ఉచితంగా, ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందుబాటులో ఉంచాలన్నది దానిలోని ముఖ్యమైన మాట. వైరస్ నమూనాలను పంచుకునే పద్ధతిపై అనుబంధం కుదిరి, 60 దేశాలు ధ్రువీకరించిన తరువాతే అది అమలులోకి వస్తుంది. టీకాల తయారీలో పెద్దపేరున్న హైదరాబాద్‌కు ఆ అనుబంధంలోని ప్రతి వాక్యంతోనూ పని ఉంటుంది.

మీరు రాసే కాగితం మీద అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాలతో, మీ ఉపకేంద్రంలో టీకాలు వేసే రోజు, సమయం, ఏఎన్‌ఎం ఫోన్ నంబరు రాయండి. దాని కింద ఈ నెలలో 9 నెలలు, 16 నెలలు నిండబోయే మీ పిల్లల సంఖ్య వేసి, టీకా పడినవారి సంఖ్యను పక్కన రంగు పెన్సిల్‌తో నింపుతూ వెళ్లండి.